తెరకు నాలుగక్షరాలు

మొన్న హైదరాబాదు నుంచి ఒక యువకుడు మా ఇంటికి వచ్చాడు. పాత కంప్యూటర్లు పోగుచేస్తాడట. మా దగ్గర ఒకటి ఉందని వనపర్తిలో ఎవరో చెప్పారట. మేము వస్తువులు అమ్మేవాళ్లం కామని గుమ్మంలోనే చెప్పాను. చూసి పోతానన్నాడు. చూడటానికి అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఇప్పుడు మిగిలినవన్నీ చూడటానికి పనికొచ్చేవే.

లోపలి గదిలో సందుగ తెరిచి చూపించాను. లావుపాటి పుస్తకమంత నల్ల డబ్బా, దాని మీద బూడిద రంగు రబ్బరు మీటలు. అతను దాన్ని రెండు చేతులతో పైకి తీసి తిప్పి చూశాడు.

"ఎనిమిది బిట్ల కాలంది సార్. వరుసకు ముప్పై రెండు అక్షరాలు, తెరకు ఇరవై నాలుగు వరుసలు. అది కూడా ఇంగ్లీషు ఒక్కటే. తెలుగు దీనివల్ల అయ్యే పని కాదు" అన్నాడు.

"అయింది" అన్నాను.

అతను మర్యాదగా నవ్వాడు. పెద్దవాళ్లు ఏదో అంటుంటారులే అనే నవ్వు. నేను నవ్వలేదు. నా వెనక సాక్ష్యం చెప్పేవాళ్లెవరూ మిగలలేదు గనుక, అతను పోయాక కూర్చుని రాయడం మొదలుపెట్టాను.

ముందు మేమెవరమో చెప్పాలి. మమ్మల్ని కొందరు జాగీర్దార్లంటారు, కొందరు దేశ్‌ముఖులంటారు. మేము మక్తేదార్లం. తేడా ఉంది. ఆ తేడా తెలిసినవాళ్లు గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా వెతికితే ఇద్దరో ముగ్గురో దొరుకుతారు. వాళ్లలో నేనొకణ్ణి. మా ఊరు కొత్తకోటకూ బీచుపల్లికీ నడుమ, పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. ఊరి శిస్తు ఒకప్పుడు మా గుమ్మంలోకి వచ్చేది. నేను పుట్టేసరికి శిస్తు పోయింది, భూమి చాలావరకు పోయింది, గుమ్మం ఉంది. నా చిన్నప్పుడే మా నాయన కూడా పోయాడు. నన్ను తాతే పెంచాడు.

తాతకు అన్నీ పోయాక ఒక్క హక్కు మిగిలింది. దసరా నాడు పొద్దుగూకే వేళ ఊరంతా జమ్మి చెట్టు దగ్గరికి పోతుంది. వేరే ఊళ్లలో ఎవరి చీటీ వాళ్లు రాసుకుని కొమ్మకు కట్టుకుంటారు. మా ఊళ్లో అంతకుముందు ఊరి చీటీ ఒకటి పైకి చదవాలి. అందులో మొదట మా ఇంటి పెద్ద పేరు, దాని ముందు బిరుదులు, తర్వాత ఊళ్లోని గేరులు, అంటే వాడలన్నీ వరుసగా, కుమ్మరి గేరి, వడ్డె గేరి, తండా, శివారు గుడిసెలు దాకా, చివర వీళ్లందరికీ మేలు జరగాలన్న మాట. చదివినవాడే మొదటి కొమ్మ కోస్తాడు. ఆ కొమ్మ కోశాకే ఊరు జమ్మి మీద చెయ్యి వేయాలి.

దానికొక కట్టడి ఉంది. చీటీ నోటికి చెప్పకూడదు. రాసినదాన్ని కంటితో చూసి చదవాలి. మా పూర్వీకుడొకాయన నాకు నోటికొచ్చు గదా అని కాగితం లేకుండా పోయి, వడ్డె గేరిని మరిచిపోయాడట. ఆ ఏడు ఆ గేరిలో గొడ్డూ గోదా మిగలలేదట. అప్పటి నుంచి కట్టడి. పెద్ద చదవలేకపోతే హక్కు ఆయన కొడుక్కు రాదు, ఆయన తర్వాతి తమ్ముడికి పోతుంది.

తాతకు ఒక తమ్ముడున్నాడు. ఊరికి మా తాత పెద్దదొర, ఆయన చిన్నదొర. పంపకాలప్పుడు ఒక బావి దగ్గర మాట పట్టింపు వచ్చి, ఇంటి నడుమ గోడ లేచింది. అప్పటి నుంచి అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడలేదు. తప్పనిసరిగా ఏదైనా చెప్పవలసి వస్తే నడుమ ఉన్న మనిషికి చెప్పేవాళ్లు. నడుమ మనిషి లేకపోతే ఎద్దుకు చెప్పేవాళ్లు. మా ఎద్దులకు రెండిళ్ల సంగతులూ తెలుసు.

నేను వనపర్తిలో డిగ్రీ చదివే రోజుల్లో తాత కళ్లకు మోతిబిందు పట్టింది, అంటే శుక్లాలు. పట్టిందని ఇంట్లో ఎవరూ అనలేదు. అనేవాళ్లు లేరు. ఆయన గడప దగ్గర ఆగితే గడప ఎత్తుగా ఉందని అనుకునేవాళ్లం. ఎవరైనా ఎదురొస్తే వాళ్లే ముందుగా తమ పేరు చెప్పుకునేవాళ్లు, అది పాత మర్యాద అన్నట్టుగా.

ఒకరోజు నాయనమ్మ అన్నం పెడుతూ కదిలించింది.

"నాగర్‌కర్నూల్ల కండ్ల క్యాంపు వెట్టిన్రంట. జర పోయిరారాదు."

"నా కండ్లకేమైంది?"

"ఏం గాలే. ఊకెనే పోయిరమ్మన్న."

"పచ్చగుడ్డ కట్టుకొని బడి వరండల అందర్తోని వరుసగ పండుకోవాల్నా? పక్కచాప మీదికెల్లి మన మక్తలోడే, దొరా ఎట్లున్నది అని అడుగుతడు. నేనేం జెప్పాలె?"

"మంచిగున్నదని జెప్పు."

"ఇప్పుడు మంచిగనే ఉన్నది" అని తాత కంచం అంచు దాటి నేల మీద అన్నం కోసం వెతికాడు. నాయనమ్మ కంచాన్ని ఆయన చేతి కిందికి జరిపింది. విషయం అంతటితో ముగిసింది.

ముగియని విషయం దసరా. ముందటేడు తాత కాగితం పట్టుకుని చీటీ అంతా తడబడకుండా చదివాడు. అయితే కాగితం తలకిందులుగా ఉంది. అది చూసింది నేనూ చిన్న తాతా మాత్రమే. ఆయన ఆ రోజు ఏమీ అనలేదు. ఈసారి మాత్రం కొత్తకోట బస్టాండు హోటల్లో కూర్చుని, నలుగురూ వినేలా చాయ్ పోసేవాడితో అన్నాడట, "ఈ ఏడు చీటి నేనే సదవాల్నేమో. మంచి ధోతి ఒకటి తీసి పెట్టమన్న ఇంట్ల." ఆ మాట చాయ్ చల్లారకముందే మా గడప దాటింది.

తాత విన్నాడు. అన్నం తినలేదు. హక్కు పోతే ఆయనకు ఊళ్లో మిగిలేది గోడకు ఇవతలి సగం ఇల్లు. అదైనా గోడ అవతలి వాళ్లకు కనబడుతూ ఉంటుంది.

ఆ కంప్యూటరు మా ఇంటికి వచ్చింది అప్పుడే. మా చిన్నాయన, అంటే తాత రెండో కొడుకు, హైదరాబాదులో ఉద్యోగం. మోటార్ సైకిలు ఇచ్చేసి దీన్ని తీసుకుని, సెలవు పెట్టి ఊరికి తెచ్చాడు. రేపు దీంతోనే లోకం నడుస్తుందని చెప్పాడు. మోటార్ సైకిలుతో నిన్ననే నడిచింది గదా అని నాయనమ్మ అంది. పద్నాలుగు అంగుళాల నలుపు తెలుపు టీవీకి దాన్ని తగిలించి, అందరినీ పిలిచి, తాత పూర్తి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. శ్రీమంత, రాజమాన్య, రాజశ్రీ, అలా పోతూ ఉంది. ముప్పై రెండో అక్షరం దగ్గర వరుస అయిపోయింది. ‘బహద్దూర్’లో సగం పైన ఉండిపోయి సగం కిందికి జారింది.

తాతకు తెర మీది ఆ చిన్న అక్షరాలు కనబడవు. మేము మాట్లాడకపోవడం వినబడింది.

"ఏమైంది?"

"ఏం లేదు బాపూ. పేరు విరిగింది. వరుసల జాగ సాలలే" అన్నాడు చిన్నాయన.

"ఎవర్నడిగి విరిచింది?"

తాలూక్‌దారు మా గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. నిజాం దిగిపోయాక చాలామంది చెప్పులతోనే వచ్చారు గాని, మా పేరును నడుమకు విరిచినవాడు ఎవడూ లేడు.

అయినా ఆ రాత్రి భోజనాల దగ్గర చిన్నాయన నాతో ఒక మాట అన్నాడు. తెర వెలుగుతుంది గదా, అక్షరం ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా వేయొచ్చు గదా, ఊరి చీటీ తెలుగులో ఇందులో పెడితే బాపు చదువుతాడేమో అని. కట్టడి ప్రకారం రాసినది చదవాలి. కాగితం మీదే రాయాలని ఎక్కడా లేదు.

తెలుగు అంత సులువుగా లొంగలేదు. ఆ యంత్రంలో ఒక్కో అక్షరం ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. ఇంగ్లీషు అక్షరాలకు అది చాలు, అవి బక్కవి. మన ‘శ్రీ’ని ఆ గడిలో కూర్చోబెడితే ఎవరో తొక్కిన జిలేబీలాగా వచ్చింది. పైగా మనం సొంతంగా గీసుకోవడానికి అది ఇచ్చేది ఇరవై ఒక్క అక్షరాలకు మాత్రమే. ఇరవై ఒక్క అక్షరాలతో మా గేరుల పేర్లే పూర్తి కావు, బిరుదుల సంగతి అటుంచితే.

నాలుగు రోజులు తిప్పలు పడ్డాక చిన్నాయన ఆ చుక్కలను వదిలేశాడు. తెర అంతటినీ ముప్పై రెండు గళ్లు అడ్డంగా, ఇరవై నాలుగు నిలువుగా ఉన్న గళ్ల కాగితం అనుకున్నాడు. ఒక్కో గడి మొత్తం తెల్లగా నింపాలి, లేదా నల్లగా వదలాలి. అక్షరానికి పదహారు గళ్ల వెడల్పు, పన్నెండు గళ్ల ఎత్తు. పైన రెండు, కింద రెండు, తెరకు నాలుగక్షరాలు. మీట నొక్కితే తర్వాతి నాలుగు. గళ్ల కాగితాల మీద అక్షరాలు గీసే పని నాకు పడింది. మా వంశంలో అంత కష్టపడి చదువుకున్నది నేనేనని చిన్నాయన అన్నాడు. చదువుకున్నది ఏముంది, గళ్లు నింపాను.

మొదట ‘కుమ్మరి’ వేసి చూశాం. చూసి ఇద్దరం దిగులుపడ్డాం. మూడక్షరాలు గదా, ఒక్కటీ కనబడలేదు. కనబడ్డదల్లా చతురస్రాలు. షాబాదు బండలు పరచబోయి మధ్యలో పని ఆపేసిన వాకిలి లాగా ఉంది తెర.

"తియ్యి చిన్నాయనా. ఇది చదివేది కాదు" అన్నాను.

అప్పుడు వంటింటి గడపలో నాయనమ్మ బియ్యం చెరుగుతోంది. నడుమ దర్బారు హజారమంత పెద్ద వాకిలి. ఆమెకు చూపు మామూలుగానే మందం, అద్దాలు పూజగదిలో ఉంటాయి. చేట ఆపకుండా అంది, "కుమ్మరోల్ల పేరెందుకు రాసిన్రు రా? కుండలు జెప్పాల్నా?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. దూరం జరిగి, కళ్లు సగం మూసి చూస్తే, చతురస్రాల అంచులు కరిగి ‘కు’ వచ్చింది, ‘మ్మ’ వచ్చింది. కళ్లు పూర్తిగా తెరిస్తే మళ్లీ బండలు. చూపు బాగున్నవాడికి గళ్లు కనబడతాయి, మసకగా ఉన్నవాడికి అక్షరం కనబడుతుంది. అటువంటి యంత్రం మా ఇంటికే రాసిపెట్టి ఉంది.

తాతను పిలిచాం. చూడమని అనలేదు, తనిఖీ చేయమన్నాం. కిటికీలు మూసి, తెర ముందు కుర్చీ వేశాం. ఆయన తల కొంచెం అటూ ఇటూ తిప్పాడు. మొహంలో ఏ మార్పూ లేదు. చెయ్యి మాత్రం కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"కుమ్మరి" అన్నాడు. కుర్చీ చేతిని వదిలి, "ఇందుల ఏమున్నది. అందరికి కనవడేదే గదా" అన్నాడు.

అక్కణ్ణుంచి పని సాగింది. దసరా దగ్గర పడేసరికి గేరులన్నీ ఎక్కించాం. బిరుదులు ఎక్కించబోతే కంప్యూటరు ఇక జాగా లేదని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. చిన్నాయన లెక్కలు వేసి చూశాడు, కుదరలేదు. సంగతి తాతకు చెప్పక తప్పలేదు.

"శివారు గుడిసెలు తీసేస్తే సరిపోతది బాపూ. ఆడ ఇప్పుడు నిండుగ నాలుగిండ్లు గూడ లేవు" అన్నాడు చిన్నాయన.

"ఒక్కటి ఇడిసినందుకే గదా ఈ కట్టడి వచ్చింది. గుడిసెలు ఉండనీ." తాత కళ్లు మూసుకున్నాడు. ఆయన కళ్లు మూసినా తెరిచినా పెద్ద తేడా లేని రోజులవి, అయినా మూసుకున్నాడు. "రాజమాన్య తియ్యి."

"సాలదు బాపూ."

"శ్రీమంత తియ్యి. రాజశ్రీ తియ్యి."

"ఇంగొక్క తెర కావాలె."

మిగిలింది ‘బహద్దూర్’. నాలుగక్షరాలు. తెరకు సరిగ్గా సరిపోతుంది, ఎక్కడా విరగదు. అది విరగకుండా నిలబడే పద్ధతి దొరికిన నాటికి దాన్ని నిలుపుకునే జాగా లేకుండా పోయింది. గోడ అవతల చిన్న తాత ఎద్దుతో ఏదో అంటున్నాడు.

"తియ్యి" అన్నాడు తాత.

ఉత్త పేరు మిగిలింది. బియ్యం దుకాణంలో పిలిచే పేరు లాగా ఉంది.

దసరా నాడు టీవీని మా సవారీ బండిలో తీసుకుపోయాం. ఒకప్పుడు మా ఇంటి ఆడవాళ్లు బయటికి పోతే ఊరు చూడకుండా తెరలు కట్టిన బండి అది. తెరలు ఇంకా ఉన్నాయి, వాటి చాటున టీవీ, కంప్యూటరు, టేపు రికార్డరు, కొత్తకోట మెకానిక్కు దగ్గర ఛార్జింగ్ పెట్టించిన లారీ బ్యాటరీ ఘోషాలో కూర్చుని ప్రయాణం చేశాయి. ఊరు రెండు వైపులా నిలబడి చూసింది. లోపల ఎవరున్నారని ఒక ముసలమ్మ అడిగింది.

ఆ కాలపు కంప్యూటరు కరెంటు తీస్తే అన్నీ మరిచిపోతుంది. మళ్లీ క్యాసెట్టు తిప్పి నేర్పాలి. జమ్మి చెట్టు కింద చిన్నాయన టేపు వేశాడు. కీచుమని, గరగరమని అయిదారు నిమిషాలు అరిచింది. ఎద్దులు బెదిరాయి. అంతసేపూ తాత కదలకుండా, తన కోసం వాయిస్తున్న మేళమేమో అన్నట్టు నిటారుగా నిలబడ్డాడు. అది నాయనమ్మ హరికథ క్యాసెట్టు మీద చేసిన రికార్డు. కీచు అయిపోగానే హరికథలో మిగిలిన ముక్క, ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చే చోటు నుంచి అందుకుంది. చిన్నాయన ఆదరాబాదరా ఆపాడు. జనం ఆపొద్దన్నారు.

అప్పుడు తెలిసింది మేము చేసిన తప్పు. ఇన్నాళ్లూ కిటికీలు మూసి చూసుకున్నాం. ఇక్కడ పడమటి పొద్దు సూటిగా తెర మీద పడుతోంది. తెర మీద ఏమీ లేదు, మా మొహాలు తప్ప. తాత ఎదురుగా కూర్చుని, చూసి, మెల్లగా నాతో, "పెట్టిన్రా?" అన్నాడు.

"పెట్టినం తాతా."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగితే కనబడలేదని ఒప్పుకున్నట్టే గదా.

జనంలోంచి ఒక ముసలి కురుమాయన ముందుకొచ్చాడు. భుజం మీది గొంగడి తీశాడు.

"దొరా, దీన్ని మీదికెల్లి కప్పుకుంటే శీకటైతది. గొర్ల వాసనొస్తది మల్ల."

మా ఇంట్లో ఎవరి తలా ఎవరి బట్ట కిందికీ పోలేదు. తాత గొంతు సవరించుకున్నాడు.

"రానీ" అన్నాడు.

టీవీ మీద నుంచి ఆయన తల మీదుగా గొంగడి కప్పాం. మీట నొక్కడానికి నేనూ లోపలికి దూరాను. అంతలో బయట చిన్న తాత గొంతు వినిపించింది. నడుమ మనిషి ఎవరూ దొరకలేదేమో, జమ్మి చెట్టుకు చెప్పాడు.

"రాసింది సదవాలె అన్నది కట్టడి. గొంగట్ల ఏం రాసున్నదో ఎవరికెర్క? మనసులున్నది జెప్తుండొచ్చు. చూడాలె గదా ఎవరన్న."

తాత కూడా చెట్టుకే జవాబిచ్చాడు. "చూడమను. కండ్లు మంచిగున్నోల్లను రమ్మను."

చిన్న తాత ధోతి ఎగగట్టి గొంగడి ఎత్తి లోపలికొచ్చాడు. ఆయన చూపు ఊళ్లో పేరుపడ్డ చూపు, కృష్ణ అవతలి గట్టు మీద పోయే బండి ఎవరిదో చెప్పగలిగేవాడు. తెరకు జానెడు దూరంలో మొహం పెట్టి చూశాడు. వెనక్కి జరిగాడు. మళ్లీ చూశాడు. తెల్ల గళ్లు, నల్ల గళ్లు.

"అన్నా" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. "నాకేం కనవడ్తలేదు."

"నీ కండ్లు మంచిగున్నయి తమ్మీ. గదే తక్లీఫు."

తాత చదవడం మొదలుపెట్టాడు. తెర మీద ఆయన ఉత్త పేరులోని మొదటి నాలుగక్షరాలున్నాయి. ఆయన గొంతెత్తి, "శ్రీమంత" అన్నాడు. నేను ఉలిక్కిపడి ఆయన వైపు చూశాను. "రాజమాన్య" అన్నాడు. తెర మీద లేనివాటిని, మేము ఒక్కొక్కటే తీసేసినవాటిని, నిదానంగా, ప్రతి అక్షరమూ కళ్లెదుట నిలబడి ఉన్నంత స్పష్టంగా చదువుతున్నాడు. నేను మీట మీద వేలు పెట్టి ఆగాను. బయట ఊరంతా వింటోంది. "బహద్దూర్" అని, ఇక పేరులోకి పోబోయాడు.

"ఆగన్నా" అన్నాడు చిన్న తాత, బయటికి వినబడనంత చిన్నగా. "రాజశ్రీ ఇడిసినవ్."

తాత ఆగాడు. ఆ చీకట్లో వాళ్ల మొహాలు టీవీ వెలుగులో ఒకే రకంగా ఉన్నాయి. ఆ బిరుదులు వాళ్ల నాయనవి. పంపకాలప్పుడు వాటిని ఎవరూ పంచలేదు, పంచడం మరిచారు.

తాత మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. ఈసారి ఏదీ వదలలేదు. పేరు చదివాడు. నేను మీట నొక్కాను. అక్కణ్ణుంచి ఉన్నది ఉన్నట్టుగా, కుమ్మరి, వడ్డె, ప్రతి నాలుగక్షరాలకూ ఆగి, మీట పడ్డాక మళ్లీ అందుకుని, తండా దాకా, శివారు గుడిసెల దాకా చదివాడు. వెనక ఎక్కడో శివారు గుడిసెల ఆడమనిషి, "మాది వచ్చింది" అన్నది.

చిన్న తాత ముందుగా గొంగడిలోంచి బయటికొచ్చాడు. జనం ఆయన చుట్టూ మూగారు.

"ఉన్నదా దొరా రాసి? మొత్తం ఉన్నదా?"

నేను లోపలి నుంచి విన్నాను. ఆయన ఒక్క మాట అంటే చాలు, ధోతి తీసి పెట్టించుకున్న పని అయిపోతుంది. ఆయన ధోతి దించుకుని, దుమ్ము దులుపుకున్నాడు.

"ఉన్నది. మస్తు పెద్దగ ఉన్నది" అన్నాడు. "మా అన్న సదివిండు."

తాత మొదటి కొమ్మ కోశాడు. చెయ్యి కొమ్మ దాకా పోవడానికి ఎవరో దారి చూపారు, అదెవరో నేను చూడలేదు. మర్నాడు గోడ అవతలి నుంచి ఎద్దుకు రోజూ చెప్పే మాటలే వినిపించాయి. గోడ గోడలాగే ఉంది.

ఆ పద్ధతి కొన్నేళ్లు నడిచింది. ప్రతి దసరాకూ సవారీ బండి, లారీ బ్యాటరీ, హరికథలో అదే ముక్క, అదే గొంగడి. గొంగడి కోసం మేము అడగనవసరం లేకుండా కురుమాయన దాన్ని ముందటి రోజే ఉతికించి ఎండబెట్టేవాడు. ప్రతి ఏడూ చిన్న తాత జమ్మి చెట్టుకు అదే మాట చెప్పేవాడు, రాసి ఉన్నదీ లేనిదీ చూడాలె గదా అని. లోపలికొచ్చేవాడు. తనిఖీకి ఏడాదికేడాదీ ఎక్కువ సేపు పట్టేది. బయట జనం ఓపిగ్గా నిలబడేవాళ్లు. లోపల వాళ్లిద్దరూ వానల గురించి, మోకాళ్ల గురించి, ఆ బావిలో ఎన్ని మెట్లు బయటపడ్డాయన్న దాని గురించి మాట్లాడుకునేవాళ్లు. నన్ను వాళ్లు లెక్కలో వేసుకోలేదు. నేను మీట లాంటివాణ్ణి.

తాత చివరిసారి చదివిన ఏడు, చిన్న తాత గొంగడి కిందికి రావడానికి కొంచెం ఆలస్యమైంది. చేత్తో అంచు తడుముకుని వచ్చాడు. మామూలుగా తెర వైపు చూడనైనా చూడడు. ఆ రోజు చూశాడు. చాలాసేపు చూశాడు. వెనక్కి జానెడు దూరం కూడా జరగలేదు.

"అన్నా, ఇయ్యాల నాకు గూడ కనవడ్తున్నదే" అన్నాడు.

తాత తల తిప్పాడు. "ఏం కనవడ్తున్నది?"

"నీ పేరు. ఉత్త పేరు." వేలితో తెరను చూపాడు. "బిరుదులు లేవు గదనే."

"ఎన్నడు లేవు" అన్నాడు తాత.

బయట డప్పు ఆగింది. ఎవరో దగ్గారు. చిన్న తాత గొంగడి అంచును తన తల మీదికి సరిగ్గా లాక్కుని కూర్చున్నాడు.

"సదువు మరి" అన్నాడు. "రాజమాన్య కాడ పోయినేడు తడబడ్డవు. నిమ్మళంగ సదువు."

నేను మీట మీద వేలు పెట్టి ఆగాను.